బొమ్మలో బిగిసిన అక్షరం!
శుభలేఖల క్లిప్‌ఆర్ట్‌లో మాట మార్చడం డీటీపీ కేంద్రాలకు నిత్య పరీక్ష

విజయవాడ: పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే చాలు, డీటీపీ కేంద్రాల్లో ఒకే మాట పదే పదే వినిపిస్తుంది. ‘‘అంతా బాగానే ఉంది బాబూ, ఈ బొమ్మలో ఉన్న ఒక్క మాట మార్చి పెట్టు. రెండు నిమిషాల పనేగా!’’ వినాయకుడి బొమ్మ కింద ‘శుభ వివాహం’ అని ఉన్నచోట ‘గృహప్రవేశం’ కావాలంటారు ఒకరు. నిరుటి ఉగాది శుభాకాంక్షల బొమ్మ తెచ్చి సంవత్సరం పేరు మార్చమంటారు మరొకరు. పందిరి తోరణం మీద ఉన్న ఎవరిదో ఇంటిపేరు తీసి తమది పెట్టమంటారు ఇంకొకరు. అడిగేవారికి ఇవన్నీ ఒకే రకం పనులు. చేసేవారికి మాత్రం వీటిలో కొన్ని నిజంగానే రెండు నిమిషాల్లో అయిపోయేవి, కొన్ని పూటంతా కూర్చున్నా తెమలనివి. ఆ తేడా ఎక్కడుందో అడిగేవారికి తెలియదు. చెప్పే తీరిక చేసేవారికి ఉండదు. పేచీలకు మూలం ఇదే.

పేచీ చిన్నదేమీ కాదు. 500 కార్డులు అచ్చయ్యాక బొమ్మలో పాత మాట అలాగే ఉండిపోయిందని తేలితే కాగితం, సిరా, కూలి ఎవరి ఖాతాలో రాయాలన్నది మొదటి ప్రశ్న. యజమాని ఆపరేటరు వైపు చూస్తాడు. నెల జీతంలోంచి కోత పడటం ఈ వృత్తిలో ఉన్నవారికి కొత్త సంగతి కాదు. పెళ్లివారి ఇబ్బంది వేరు. ముహూర్తం ఆగదు, కార్డులు పంచడానికి మిగిలిన రోజులు తరిగిపోతాయి, తప్పు పడిన కార్డు పంచితే బంధువుల్లో మాట పడాలి. ఇంత తతంగానికీ కారణం ఒక్కోసారి అంగుళం పొడవైనా లేని ఒక మాట కావడం విశేషం.

జింకు బ్లాకు నాటి చిక్కే

ఈ సమస్య కంప్యూటర్లతో పుట్టింది కాదు. లెటర్‌ప్రెస్ రోజుల్లో కంపోజిటరు సీసపు అక్షరాలను గళ్ల పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి వరుసగా పేర్చేవాడు. వధువు పేరు తప్పు పడితే ఆ అక్షరాన్ని తీసి మరొకటి పెడితే సరిపోయేది. బొమ్మ సంగతి అలా కాదు. అది చెక్క దిమ్మెకు బిగించిన జింకు బ్లాకు. బొమ్మతోపాటు అందులో చెక్కిన ‘శుభమస్తు’ లోహంలో ఒక భాగమైపోయేది. దాన్ని మార్చాలంటే కొత్త బ్లాకు చేయించాలి, లేదా దిమ్మెలో ఆ మేరకు తొలిచి ఖాళీలో సీసపు అక్షరాలను ఇమడ్చాలి. నేటి ఆపరేటరు కంప్యూటరు తెర మీద చేస్తున్నది సరిగ్గా ఈ రెండు పనుల్లో ఒకటే.

క్లిప్‌ఆర్ట్ అన్న పేరులోనే కత్తెర ఉంది. పాశ్చాత్య దేశాల్లో ప్రకటనలు తయారుచేసేవారు బొమ్మల పుస్తకాలు కొని, కావలసిన బొమ్మను కత్తిరించి అట్ట మీద అతికించేవారు. అది కంప్యూటరులోకి వచ్చింది 1980 దశకంలో. మెకింటోష్ కోసం 1984లోనే క్లిక్‌ఆర్ట్ పేరుతో బొమ్మల సంపుటం వచ్చింది. కెనడాకు చెందిన కోరెల్ సంస్థ 1989లో విడుదల చేసిన కోరెల్‌డ్రా ఆ తర్వాతి సంచికల్లో వేల బొమ్మలను సీడీల్లో నింపి ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌తోపాటు అందించిన క్లిప్‌ఆర్ట్ భాండాగారాన్ని 2014 డిసెంబరులో మూసివేసి, వెతుక్కునే పని బింగ్‌కు అప్పగించింది.

అయితే తెలుగునాట శుభలేఖకు కావలసిన బొమ్మలు వాటిలో ఎక్కడ దొరుకుతాయి? కలశం, కొబ్బరికాయ, అరటిబోదెలు, మామిడాకుల తోరణం, సన్నాయి డోలు, జీలకర్ర బెల్లం పెట్టుకుంటున్న జంట... వీటిని ఇక్కడి చిత్రకారులు గీస్తే స్కాన్ చేసి, కంప్యూటరు గీతలుగా మార్చి, సీడీల మీద ఊరూరా అమ్మారు. సీడీలు పోయి పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. ఇప్పుడు వాట్సప్‌లోనే చేతులు మారుతున్నాయి. చేతులు మారిన ప్రతిసారీ బొమ్మ కొంత చెడిపోతుంది. గీసినవారి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. హైదరాబాదు ఛత్తాబజారు కార్డుల దుకాణం నుంచి మండల కేంద్రంలోని చిన్న జిరాక్స్ షాపు వరకు అదే వినాయకుడు కనిపించడానికి కారణం ఇదే.

మూడు రూపాల్లో ఒకే మాట

కంటికి ఒకేలా కనిపించినా, బొమ్మలోని మాట మూడు రూపాల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది. ఏ రూపంలో ఉందో తెలిస్తేనే అది ఎంత పనో తెలుస్తుంది.

మొదటిది టైపు చేసిన అక్షరంగానే మిగిలి ఉండటం. దీన్ని ఎంచుకుని చెరిపి కొత్త మాట కొట్టవచ్చు. రెండోది గీతగా మారిపోవడం. అప్పుడు అది ‘వ’ అనే అక్షరం కాదు, ‘వ’ ఆకారంలో ఉన్న ఒక వంపు గీత మాత్రమే. కంప్యూటరు దృష్టిలో ఆ గీతకూ వినాయకుడి తొండానికీ తేడా లేదు. మూడోది చుక్కలుగా మారడం. ఇక్కడ గీత కూడా లేదు. రంగుల చుక్కలను గళ్ల నుడికట్టులో మాదిరిగా వరుసగా పేర్చితే దూరం నుంచి మాటలా కనిపిస్తుంది, అంతే. ఫొటోలు, స్కాన్ చేసిన కార్డులు, జేపీజీ ఫైళ్లు అన్నీ ఈ కోవలోనివే.

గుర్తుపట్టడం తేలిక. బొమ్మను తెర మీద ఎనిమిది, పది రెట్లు పెద్దది చేసి చూడాలి. అక్షరం అంచు మెట్లు మెట్లుగా, మసకగా కనిపిస్తే అవి చుక్కలు. ఎంత పెంచినా అంచు నున్నగా ఉంటే గీత. కోరెల్‌డ్రాలో అయితే అక్షరం మీద నొక్కి తెర అడుగున ఉన్న పట్టీని చూస్తే చాలు. టెక్స్ట్, కర్వ్, బిట్‌మ్యాప్ అని మూడింటిలో ఏదో అక్కడే రాసి ఉంటుంది. ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలను నమ్మడానికి లేదు. సీడీఆర్ అనో పీడీఎఫ్ అనో ఉన్న ఫైలు తెరిస్తే లోపల ఒక జేపీజీ ఫొటో అతికించి ఉండటం సర్వసాధారణం. ‘కోరెల్ ఫైలే ఇచ్చాం కదా’ అని వినియోగదారుడు, ‘ఇది కోరెల్ ఫైలే కాదు’ అని ఆపరేటరు వాదులాడుకునేది ఇక్కడే. ఇద్దరి మాటా నిజమే.

ఫాంటు లేకపోతే ‘గజిబిజి’

టైపు అక్షరంగా మిగిలి ఉంటే పని సులువన్నది సగం నిజమే. తెలుగు డీటీపీలో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి అను, శ్రీలిపి వంటి ఫాంట్ల మీద నడిచింది. ఇవి యూనికోడ్‌కు ముందు తరానివి. వీటిలో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గళ్లలో అమర్చారు. ఒక సంస్థ అమర్చిన తీరు మరొక సంస్థ అమరికతో కలవదు. కాబట్టి ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే ‘శుభ వివాహం’ ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, వింత గుర్తులు ప్రత్యక్షమవుతాయి. ఆ గజిబిజి చూసి కంగారుపడి ఫైలును అలాగే భద్రపరిస్తే అసలు ఫాంటు పేరు కూడా పోయే ప్రమాదం ఉంది. ఏమీ ముట్టకుండా మూసివేసి, ఏ ఫాంటు వాడారో కనుక్కోవడమే సరైన పద్ధతి.

తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. ఇప్పుడు మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఎవరికైనా ఉచితంగా లభిస్తున్నాయి. అయినా శుభలేఖల పాత ఫైళ్లు పాత ఫాంట్లలోనే ఉన్నాయి. వాటిని వాడే చేతులు కూడా ఆ కీబోర్డుకే అలవాటు పడ్డాయి. అందుచేత ఈ చిక్కు ఇప్పట్లో తీరేలా లేదు.

ఫాంటు బెడద తప్పించుకోవడానికే ఆపరేటర్లు ఫైలును ప్రెస్సుకు పంపేముందు అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చేస్తారు. కోరెల్‌డ్రాలో కంట్రోల్, క్యూ మీటలు కలిపి నొక్కితే చాలు. ఇక ఏ కంప్యూటరులో తెరిచినా అక్షరం ఆకారం చెదరదు. అచ్చుకు అది వరమే. మళ్లీ మార్చాలనుకునేవారికి మాత్రం శాపం. గీతను తిరిగి అక్షరంగా మార్చే మీట ఏదీ లేదు.

గీతలను విడదీస్తే...

గీతల బొమ్మలో మాట మార్చే విధానం ఇది. ముందుగా బొమ్మకు నకలు తీసి పక్కన పెట్టుకోవాలి. గుంపుగా ఉన్న బొమ్మను అన్‌గ్రూప్ చేస్తే తోరణం, కలశం, అక్షరాలు వేర్వేరు అవుతాయి. పాత మాటను ఎంచుకుని తీసివేసి, అక్కడ కొత్త మాట టైపు చేసి, కొలత సరిపెట్టి, రంగు కలిపితే పని పూర్తయినట్లే. వర్డ్, పవర్‌పాయింట్‌లలోకి తెచ్చిన డబ్ల్యూఎంఎఫ్ తరహా క్లిప్‌ఆర్ట్‌ను కూడా ఇలాగే డ్రాయింగు వస్తువులుగా మార్చి విడదీయవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు.

పాత మాట మొత్తం ఒకే గీతగా కలిసిపోయి ఉంటే బ్రేక్ అపార్ట్ ఆదేశం వాడాలి. కొత్తవారు బెదిరిపోయేది ఇక్కడే. ఆదేశం ఇవ్వగానే ర, ఠ, సున్న వంటి గుండ్రని అక్షరాల కడుపులు నల్లగా నిండిపోతాయి. అక్షరం చెడిపోలేదు. బయటి వలయం, లోపలి వలయం విడివిడి వస్తువులై రెండింటికీ రంగు పడింది. ఆ రెండిటినీ ఎంచుకుని కంబైన్ చేస్తే కడుపు మళ్లీ ఖాళీ అవుతుంది. తెలుగులో ఈ పని ఇంగ్లిషు కంటే చాలా ఎక్కువ. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు ఒక్కోసారి దేనికదే ముక్కగా విడిపోతాయి. ‘లక్ష్మి’ అనే రెండక్షరాల పేరును విడదీస్తే ఎన్ని ముక్కలవుతాయో చేసినవారికే తెలుసు. ఒక్క ముక్క కూడా జారిపోకుండా ఏరి కలపాలి.

బొమ్మలోని మాట ఫాంటుతో కొట్టినది కాక చిత్రకారుడు చేత్తో రాసినదైతే కథ మరో మలుపు తిరుగుతుంది. ఆ రాతకు సరిపోయే ఫాంటు ఉండదు. పక్కన మామూలు ఫాంటులో కొత్త మాట పెడితే పట్టుచీర మీద ముతక అతుకు వేసినట్లు కనిపిస్తుంది. అప్పుడు మిగిలిన దారి అరువు తెచ్చుకోవడమే. అదే బొమ్మలో మరోచోట ఉన్న అక్షరాన్ని నకలు తీసి ఇక్కడ వాడాలి. అంకెల విషయంలో ఇది సులువు. 2025ను 2026 చేయాలంటే ఆరు అంకె ఎక్కడా లేకపోయినా, తొమ్మిది ఉంటే తలకిందులు చేసి పెట్టవచ్చు.

అక్షరాల విషయంలో అంత తేలిక కాదు. ఉదాహరణకు క్లిప్‌ఆర్ట్‌లలో తరచుగా కనిపించే తప్పు ‘శుబ వివాహం’. కింద ఒక చిన్న ఒత్తు గీత తగిలిస్తే ‘భ’ అయిపోతుందని అనుకుంటారు. కానీ ‘బ’ తలకట్టు లేని అక్షరం, ‘భ’కు తలకట్టు ఉంది. గీత ఒక్కటే చేర్చి ఊరుకుంటే అది అటు ‘బ’ కాదు, ఇటు ‘భ’ కాదు. పైన తలకట్టును కూడా వేరే అక్షరం నుంచి తెచ్చి అతికించాలి. ‘ఆహ్వానం’ అన్న మాటలో హకారానికి వావత్తు ఇవ్వాల్సింది పోయి వకారానికి హావత్తు ఇచ్చిన బొమ్మలు లెక్కకు మించి తిరుగుతున్నాయి. ఇక్కడ ఏ ముక్కా చేర్చి లాభం లేదు. ఆ అక్షరాన్ని పూర్తిగా తీసి రాయవలసిందే.

ఉగాది బొమ్మలది మరో ఇబ్బంది. 2024లో శ్రీ క్రోధి నామ సంవత్సరం. 2025లో శ్రీ విశ్వావసు. 2026లో శ్రీ పరాభవ. రెండక్షరాల ‘క్రోధి’ కోసం గీసిన చోట నాలుగక్షరాల పేరును ఇరికించాలి. అడ్డంగా నొక్కితే అక్షరాలు సన్నబడి పక్క మాటతో పొసగవు. చిన్నవి చేస్తే మామిడాకుల మధ్య పేరు కనిపించదు. పంచాంగ శ్రవణం బొమ్మలో అసలు చదవాల్సింది ఆ పేరే కదా! తెలివైనవారు పేరొక్కటే మార్చకుండా ‘శ్రీ’ నుంచి ‘శుభాకాంక్షలు’ వరకు పంక్తి మొత్తం తిరిగి అమరుస్తారు. పైగా వత్తుల కోసం పంక్తి కింద చోటు వదలాలి. ఇంగ్లిషు మాట ఉన్న చోట తెలుగు మాట పెట్టినప్పుడు ‘శ్వా’ కింద వావత్తు కలశం మీదికి దిగిపోవడానికి కారణం ఆ చోటు లేకపోవడమే. సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకు గాని మళ్లీ రావు కాబట్టి, ఈ ఒక్క బొమ్మలోనైనా పేరును గీతగా మార్చకుండా ఒక నకలు దాచుకోవడం మంచిది.

చుక్కల బొమ్మతో చుక్కలే

వినియోగదారులు తెచ్చే వాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు చుక్కల బొమ్మలే. బంధువుల కార్డును ఫోనులో ఫొటో తీసి, ‘ఇదే మాకూ కావాలి, పేర్లు మాత్రం మార్చండి’ అంటారు. చుక్కల బొమ్మలో మాటను తీయడమంటే దాని మీద పూత పూయడమే. కింద ఏముందో కంప్యూటరుకు తెలియదు, ఎందుకంటే కింద ఏమీ లేదు.

వెనుక ఒకే రంగు ఉంటే పూత సులువు. అందులోనూ ఒక మోసం ఉంది. తెర మీద తెల్లగా కనిపించే కాగితం స్కాన్‌లో అచ్చమైన తెలుపు కాదు. తెలుపుకు గరిష్ఠ విలువ 255 అయితే స్కాన్ చేసిన కాగితం 248, 250 దగ్గర ఉండవచ్చు. దాని మీద అచ్చమైన తెల్ల పెట్టె పెట్టి కొత్త పేరు రాస్తే తెర మీద తేడా కనిపించదు. రంగుల్లో అచ్చయ్యాక పేరు చుట్టూ దీర్ఘచతురస్రం తేలుతుంది. అందుకే పక్కనున్న రంగును డ్రాపర్‌తో తీసుకుని పూయాలి. జేపీజీ బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కాబట్టి అక్షరాల అంచుల చుట్టూ మురికి లాంటి మచ్చలు మిగులుతాయి. అక్షరం వరకే చెరిపితే ఆ మచ్చలు పాత మాటను పట్టిస్తాయి. అంచుకు కాస్త అవతలి దాకా చెరపాలి.

వెనుక పట్టుచీర అంచో, పూలదండో, మేఘమో ఉంటే పూత చాలదు. పక్క భాగాన్ని నకలు తీసి కప్పే క్లోన్ స్టాంపు, 2002లో ఫొటోషాప్ 7తో వచ్చిన హీలింగ్ బ్రష్, 2010లో సీఎస్5తో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ ఇందుకు ఉపయోగపడతాయి. చివరిది చుట్టుపక్కల ఉన్నదాన్ని చూసి ఖాళీని తానే నింపుతుంది. మేఘాన్ని బాగా నింపుతుంది. ముగ్గు గీతలను మాత్రం ఎటో తీసుకెళుతుంది.

అసలు చిక్కు సైజుది. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలన్నది లెక్క. 7 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు గల కార్డుకు 2100, 1500 చొప్పున చుక్కలుండాలి. ఫోనులో తిరిగి తిరిగి వచ్చిన బొమ్మ 800 చుక్కల వెడల్పే ఉంటే అది రెండున్నర అంగుళాలకు కాస్త ఎక్కువ వరకే నిలుస్తుంది. దాన్ని కార్డంత సాగదీసి, మీద కొత్త పేరు స్పష్టంగా టైపు చేస్తే మసకబారిన వినాయకుడి మీద తళతళలాడే అక్షరాలు కూర్చుంటాయి. ఎవరు చూసినా అతుకు తెలిసిపోతుంది. వాట్సప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపితే చుక్కలు తగ్గవు. ఈ చిన్న జాగ్రత్త సగం పని తగ్గిస్తుంది.

ఇలాంటి సందర్భాల్లో పాత బొమ్మను బాగుచేయడం కంటే కొత్తగా కట్టుకోవడమే మేలు. వినాయకుడు, కలశం, తోరణం గీతల రూపంలో విడిగా దొరుకుతూనే ఉన్నాయి. ట్రేస్ చేస్తే సరిపోతుందని కొందరి భరోసా. కోరెల్‌డ్రాలోని పవర్‌ట్రేస్, ఇంక్‌స్కేప్‌లోని ట్రేస్ బిట్‌మ్యాప్ చుక్కలను గీతలుగా మార్చే మాట నిజమే. పెద్ద ఆకారాలకు అవి పనికొస్తాయి. సన్నని వత్తులు, గుడులు మాత్రం ముద్దలవుతాయి. ట్రేస్ ఇచ్చేది గీతే తప్ప అక్షరం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఫొటోషాప్‌లో నేరుగా తెలుగు కొట్టేవారికి మరో ఆటంకం. యూనికోడ్ తెలుగు అతికిస్తే వత్తులు విడిపోయి పక్కపక్కన కూర్చుంటాయి. ఫాంటు చెడిందనుకుని మార్చి చూస్తారు. లోపం ఫాంటుది కాదు. కొత్త సంచికల్లో టైపు అమరికలకు వెళ్లి దక్షిణాసియా భాషలకు పనికొచ్చే వరల్డ్ రెడీ లేఅవుట్‌ను ఎంచుకుంటే వత్తులు తమ చోటికి చేరతాయి.

యంత్రం రాసే తెలుగు

కృత్రిమ మేధ వచ్చింది కదా, ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి కౌంటరు దగ్గరా వినిపిస్తోంది. 2023లో ఫొటోషాప్‌లో జెనరేటివ్ ఫిల్ ప్రవేశించాక పాత మాటను చెరిపి వెనుక పూలదండను నింపడం నిజంగానే సులువైంది. ఆ మేరకు యంత్రాన్ని మెచ్చుకోవాల్సిందే. కొత్త తెలుగు మాట కూడా దానిచేతే రాయించడం మాత్రం ప్రమాదకరం. బొమ్మలు సృష్టించే సాధనాలు అక్షరాన్ని కూడా బొమ్మగానే గీస్తాయి. దూరం నుంచి అచ్చం తెలుగులా ఉంటుంది. దగ్గరకు తీసి చూస్తే ఒత్తు ఒకచోట, కొమ్ము ఒకచోట, అసలు లేని అక్షరం ఒకచోట కనిపిస్తాయి. వెనుక బొమ్మను యంత్రానికి వదిలి, అక్షరాలను ఫాంటుతో టైపు చేయడమే క్షేమం.

ఈ మార్పులు చేస్తే చిక్కే

బొమ్మలో మాట మార్చడం తెలిసిన చేతికి కొన్ని ప్రలోభాలూ ఎదురవుతాయి. స్కాన్ చేసిన ధ్రువపత్రంలో పుట్టిన తేదీ, మార్కుల జాబితాలో ఒక అంకె మార్చమని అడిగేవారు ఉంటారు. పద్ధతి శుభలేఖకు వాడినదే కావచ్చు, చట్టం దృష్టిలో అది ఫోర్జరీ. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షను దీన్ని నేరంగా పరిగణిస్తుంది. అడిగినవారే కాదు, మార్చి ఇచ్చినవారూ చిక్కుకుంటారు. పదో పరకో వచ్చే పని కోసం జీవనాధారమైన దుకాణాన్ని పణంగా పెట్టడం తగదు.

ఎన్నికల వేళ మరో గండం. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షను ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టరు మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండి తీరాలి. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, 2 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పాత పోస్టరు బొమ్మనే తీసుకుని అభ్యర్థి ఫొటో, గుర్తు మార్చే హడావుడిలో, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న పాత ప్రెస్సు పేరు అలాగే ఉండిపోతుంది. అది బొమ్మలో భాగమై ఉండటంతో ఎవరి కంటా పడదు. ముద్రించనివారి పేరుతో పోస్టర్లు గోడలకెక్కుతాయి.

దొంగ సాఫ్ట్‌వేరు సంగతి సరేసరి. అది నకిలీ ప్రతి అని తెలిసి వాడితే కాపీరైటు చట్టం 63బి సెక్షను కింద ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. ఇంక్‌స్కేప్, జింప్ ఉచితంగానే లభిస్తున్నాయి. గీతల పనికి మొదటిది, చుక్కల పనికి రెండోది చాలావరకు సరిపోతాయి.

ప్రూఫు చూసేటప్పుడు బొమ్మనూ చదవాలి

కార్డు చేయించుకునేవారు వెంట తెచ్చుకోవాల్సినవి ఎక్కువేమీ లేవు. పేర్లు, తేదీ, ముహూర్తం, చిరునామా కాగితం మీద విడివిడిగా స్పష్టంగా రాసుకుని వెళ్లాలి. పాత కార్డు నచ్చితే ఫొటో కాకుండా అది చేసిన కేంద్రం నుంచి అసలు ఫైలు అడగాలి. ఆపరేటరు వైపు నుంచి కావలసింది ఒకే అలవాటు. ప్రతి పనికీ రెండు ఫైళ్లు. ఒకటి అక్షరాలు అక్షరాలుగానే ఉన్నది, వాడిన ఫాంటు పేరు ఫైలు పేరులోనే చేర్చి దాచుకోవడానికి. రెండోది గీతలుగా మార్చినది, ప్రెస్సుకు పంపడానికి. ఒకదాని మీద మరొకటి భద్రపరిచి తల పట్టుకునేవారు ఇప్పటికీ తక్కువేమీ కాదు.

ప్రూఫు చూసేటప్పుడు అందరి కళ్లూ వధూవరుల పేర్ల మీద, తేదీ మీద ఆగుతాయి. బొమ్మను బొమ్మగా చూసి వదిలేస్తారు. తోరణం మీద, పల్లకి పక్కన, కలశం కింద ఉన్న మాటలను ఎవరూ చదవరు. గీతగా మారిన అక్షరంలో తప్పును కంప్యూటరూ పట్టుకోలేదు, దానికి అది అక్షరమే కాదు కనుక. ప్రూఫు తెర మీద కాక కాగితం మీద తీసి, ఇంటికి పంపి, ఇంట్లో కనీసం ఇద్దరు చదివి సంతకం చేసి తెచ్చాకే అచ్చుకు ఎక్కించే పద్ధతి మేలైనది. ఆ సంతకం కాగితాన్ని అప్పగింతలు అయ్యేదాకా సొరుగులో భద్రంగా ఉంచే ఆపరేటర్లూ ఉన్నారు.